మామయ్య మాత్ర మేనకోడలికి పనికిరాదు

మే నెలలో బెజవాడలో పిల్లలు అస్తమానం నీళ్లు తాగుతుంటే ఎవరికీ అనుమానం రాదు. ఎండలు అలాంటివి. చిక్కిపోతే సెలవుల్లో ఆటలెక్కువయ్యాయి అనుకుంటాం. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ తడిపితే కోప్పడతాం. ఈ మూడూ కలిసి కనిపిస్తే మాత్రం ఆ పూటే షుగర్ పరీక్ష చేయించాలి. వేలి కొసన చుక్క రక్తం చాలు, నిమిషంలో తేలిపోతుంది. ఆలస్యమైతే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఊపిరి మగ్గిన పళ్ల వాసన వేస్తుంది. రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) పేరుకుపోయి ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. తిన్నది అరగలేదని గ్యాస్ మందు వేసి పడుకోబెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అది టైప్ 1 మధుమేహం. ఇంట్లో మామయ్యకో తాతయ్యకో ఉన్నది చాలామటుకు టైప్ 2. రెండింటిలోనూ రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది కాబట్టి ఒకే గాటన కట్టేస్తున్నాం. లోపల జరిగేది వేరు.

కృష్ణా డెల్టా వాళ్లకి ఇలా చెబితే తేలిగ్గా తెలుస్తుంది. కాలువ నిండా నీళ్లున్నా, లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తితేనే చేలోకి పారుతుంది. రక్తంలోని గ్లూకోజు ఆ నీరు, ఒంట్లోని కణాలు ఆ చేలు, లస్కరు చేసే పని ఇన్సులిన్‌ది. టైప్ 1లో లస్కరే లేడు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మన రోగనిరోధక వ్యవస్థే పరాయివనుకుని నాశనం చేసేస్తుంది. టైప్ 2లో లస్కరున్నాడు, తలుపులే తుప్పుపట్టాయి. మొదట్లో క్లోమం మామూలుకంటే ఎక్కువ ఇన్సులిన్ వదిలి నెట్టుకొస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అదీ అలసిపోతుంది.

టైప్ 1 మిఠాయిలు తినడం వల్ల రాదు. పెంపకంలో లోపం వల్లా రాదు. మన ఇళ్లలో ఆ నింద తల్లి మీదే పడుతుంది, అది చాలా అన్యాయం.

దానికి మందు ఇన్సులిన్ ఒక్కటే. అది ప్రోటీను కాబట్టి మింగితే కడుపులోనే అరిగిపోతుంది, అందుకే ఇంజెక్షన్. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు దాన్ని వేరుచేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి తొలిసారి ఇచ్చారు. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని అర్ధాకలితో ఉంచి కొన్నాళ్లు ఆయుష్షు పొడిగించడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. వందేళ్లు దాటాక కూడా ‘అన్నం మానిపించండి, మెంతులు నానబెట్టి ఇవ్వండి, సూది అలవాటు చేయకండి’ అని చెప్పే చుట్టాలున్నారు. అన్నం పెట్టకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేస్తూనే ఉంటుంది, కొవ్వు కరిగి కీటోన్లు పుడుతూనే ఉంటాయి. ఇన్సులిన్ పూర్తిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం రావచ్చు. జ్వరమొచ్చి ఏమీ తిననిరోజైనా డాక్టర్ని అడిగి మోతాదు మార్చుకోవాలే గానీ మానకూడదు.

మామయ్య సంగతి వేరు. పొట్ట తగ్గించి, రోజూ నడిచి, పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచితే ఆయన షుగర్ నిజంగానే దిగుతుంది. సాధారణంగా మొదటి మాత్ర మెట్‌ఫార్మిన్. కాలేయం వదిలే గ్లూకోజును అది తగ్గిస్తుంది. ఇంకా రకరకాల మాత్రలున్నాయి, అవసరాన్ని బట్టి ఇన్సులిన్ కూడా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అందులో అత్యధికులు టైప్ 2 వాళ్లే.

వయసు చూసి రకం తేల్చేయకూడదు. నలభై దాటాక టైప్ 1 వచ్చేవాళ్లున్నారు, పదిహేనేళ్లకే టైప్ 2 వస్తున్న పిల్లలున్నారు. అనుమానం ఉంటే రెండు రక్తపరీక్షలు చేస్తారు: బీటా కణాల మీద దాడిని పట్టిచ్చే జీఏడీ యాంటీబాడీలు, ఇన్సులిన్‌తో పాటే క్లోమం వదిలే సీ-పెప్టైడ్. సీ-పెప్టైడ్ బాగా తక్కువగా ఉంటే క్లోమం ఇన్సులిన్ దాదాపు తయారుచేయడం లేదనే.

సూర్యారావుపేటలో మందులషాపు కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి చూసుకోవాల్సినది సిరంజి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు: మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. తారుమారైతే 4 యూనిట్లే. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి.

ఎండ ఇన్సులిన్‌ని పాడుచేస్తుంది. స్కూటర్ డిక్కీలో వదిలేయకూడదు, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టనివ్వకూడదు. వాడని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాని కవర్లో చుట్టి చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతని తడి ఇసుక పోసిన కుండలో ఉంచితే చాలావరకు కాపాడుకోవచ్చు.

ఇన్సులిన్ తీసుకునే పిల్లకి వణుకు, చెమటలు, తికమక కనిపిస్తే షుగర్ పడిపోయినట్టు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి పట్టాలి, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి క్లాస్ టీచర్‌కీ, బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్‌కీ కూడా చెప్పి, వాళ్ల దగ్గరో గ్లూకోజు పొట్లం ఉంచండి.