తొలి విమాన సర్వీసు వెనుక ఒక చిన్న కార్ఖానా

చిన్న ఊళ్లకు విమానం నడిపితే నష్టం ఎవరు భరించాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. రెక్కల విమానంలో టికెట్ పెట్టి, వేళ ప్రకారం జనాన్ని ఎక్కించుకున్న మొదటి సర్వీసుతోనే పుట్టింది. ఆ విమానం తయారు చేసింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన టామ్ బెన్వా కంపెనీ. రైట్ సోదరుల పేరు తెలిసినంతమందికి ఈయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మోటారు వ్యాపారంలో నాలుగు డబ్బులు చూసిన బెన్వా, 1908లో విమానాల విడిభాగాలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత తానే ఎగరడం నేర్చాడు, విమానాలు కట్టాడు. 1911 అక్టోబరులో కార్ఖానా తగలబడింది, ఐదు విమానాలు బూడిదయ్యాయి. మళ్లీ మొదటి నుంచి కట్టాడు. ఎగిరే విమానంలోంచి ప్యారాచూట్‌తో దూకిన తొలివాళ్లలో ఒకడైన ఆల్బర్ట్ బెర్రీ 1912 మార్చి 1న దూకింది బెన్వా విమానంలోంచే.

అప్పట్లో విమానమంటే తిరునాళ్లలో తమాషా. అది జనాన్ని మోసే బండి కావాలని బెన్వా పట్టుదల. ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి టాంపాకు పడవలో రెండు గంటలు పట్టేది, రైల్లో ఇంకా ఎక్కువ. మధ్యలో ఉన్నది సముద్రపు పాయ. నీటి మీద దిగే విమానానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? ఈ ఆలోచనతో పెర్సివల్ ఫాన్స్‌లర్ అనే వ్యాపారి ముందుకొచ్చాడు. నష్టం వస్తే జనవరిలో రోజుకు 40 డాలర్లు, తర్వాతి రెండు నెలలు 25 డాలర్ల చొప్పున ఇచ్చేందుకు సెయింట్ పీటర్స్‌బర్గ్ ఊరు ఒప్పుకుంది.

1914 జనవరి 1. మొదటి టికెట్‌ను వేలం వేస్తే మాజీ మేయర్ ఏబ్రమ్ ఫీల్ 400 డాలర్లకు పాడుకున్నాడు. పైలట్ టోనీ జానస్. 75 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న ఆ చెక్క పడవలాంటి విమానంలో పైలట్ పక్కన ఒక్కరికే చోటు. పైకప్పు లేదు. 23 నిమిషాల్లో టాంపా చేరారు. ఆ తర్వాత చార్జీ 5 డాలర్లు. మనిషీ సామానూ కలిపి 90 కిలోలు దాటితే అదనంగా కట్టాలి.

సుమారు నాలుగు నెలల్లో 1,205 మంది ప్రయాణించారు. అయితే ఆ ఊరు చలికాలపు సందర్శకుల మీద బతికేది. వాళ్లు వెళ్లిపోయాక సీట్లు ఖాళీ. మే నెలలో సర్వీసు ఆగింది. అది బెన్వా విమానం లోపం కాదని గట్టిగా చెప్పాలి. ఏడాది పొడవునా ఎక్కేవాళ్లు ఆ దారిలో లేరు, అంతే.

1916లో జానస్ నల్ల సముద్రంలో విమానం కూలి చనిపోయాడు. 1917 జూన్ 14న ఒహాయోలోని సాండస్కీలో ట్రామ్‌లో వెళ్తూ, తల స్తంభానికి తగిలి బెన్వా కన్నుమూశాడు. ఆయన పోయాక కంపెనీ కూడా ఎంతోకాలం నిలవలేదు. మొత్తం మీద అక్కడ తయారైనవి నూరుకు కాస్త పైన విమానాలు.