మట్టిలో రాగి ఎక్కడ దాక్కుంటుంది?

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. పంటకు నత్రజని, భాస్వరం, పొటాష్ కావాలని మీకు తెలుసు. రాగి కూడా కావాలని చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. కావలసింది నిజంగానే కొంచెం. ఎండిన ఆకుల్లో కిలోకు 5 నుంచి 20 మిల్లీగ్రాములు ఉంటే చాలా పంటలకు సరిపోతుంది. ఆ కొంచెం కూడా అందకపోతే పుప్పొడి సరిగా తయారవదు. గోధుమలో లేత ఆకుల కొనలు తెల్లబడి మెలితిరుగుతాయి. వెన్ను వస్తుంది కానీ గింజ నిండదు.

ఇప్పుడు సున్నపు నేలల సంగతికి వస్తాను. వీటిలో కాల్షియం కార్బొనేట్ ఎక్కువ. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే ఈ మట్టి బుసబుసా పొంగుతుంది (పెద్దవాళ్లు పక్కన లేకుండా ఆ ఆమ్లం జోలికి వెళ్లకండి). దీని పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 దాటితే క్షారం) మామూలుగా 7.5 నుంచి 8.5 వరకూ ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే చాలు, మట్టిలోని తడిలో విడిగా తిరిగే రాగి అయాన్లు (విద్యుదావేశం ఉన్న రాగి కణాలు) దాదాపు వంద రెట్లు తగ్గిపోతాయి. అందుకే ఈ నేలల్లో మొత్తం రాగి తక్కువేమీ కాకపోయినా వేరుకు అందేది తక్కువ కావచ్చు.

మరి మిగతాదంతా ఎక్కడ ఉంటుంది? కొంత మట్టి రేణువులను వదులుగా అంటుకుని ఉంటుంది. కొంత సున్నంతో, కొంత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లతో, కొంత సేంద్రియ పదార్థంతో కలిసి ఉంటుంది. తరచూ అన్నిటికన్నా పెద్ద వాటా ఖనిజాల లోపలే ఇరుక్కుపోయి ఉంటుంది, పంట దాన్ని ముట్టుకోలేదు. ఈ వాటాలను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే పద్ధతిని టెస్సియర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1979లో ప్రకటించారు. ఒకే మట్టి నమూనా మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఘాటు పెరిగే ద్రావణాలు పోస్తారు. నన్నడిగితే ఆ అంకెలను మరీ గట్టిగా నమ్మకూడదు. ఒక ద్రావణం తన వాటాతోపాటు పక్క వాటాలోంచి కూడా కొంత లాగేస్తుంది. విడిపడిన రాగి మళ్లీ ఇంకోచోట అంటుకోవడమూ ఉంది. అయినా రాగి ఎటునుంచి ఎటు కదులుతోందో తెలుసుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

పశువుల ఎరువో, కంపోస్టో వేసినప్పుడు సరిగ్గా ఆ కదలికే మొదలవుతుంది. మొక్కలకు కావలసిన లోహాల్లో సేంద్రియ పదార్థాన్ని రాగి అంత గట్టిగా పట్టుకునేవి చాలా తక్కువ. హ్యూమస్ (బాగా కుళ్లి మాగాక మిగిలే నల్లని సేంద్రియ పదార్థం) అణువులు పీత తన కొండీలతో పట్టినట్టు రాగిని రెండు మూడు వైపుల నుంచి బిగించేస్తాయి. అందువల్ల ఎరువు వేశాక సేంద్రియ వాటా పెరగడం, సున్నంతో ఉన్న వాటా తగ్గడం తరచూ కనిపిస్తుంది.

అలాగని అది పంటకు లాభమేనని తొందరపడి అనుకోకండి. పట్టుకున్న అణువు పెద్దదా చిన్నదా అన్నది చూడాలి. పూర్తిగా మాగని ఎరువులో నీటిలో కరిగే చిన్న చిన్న సేంద్రియ అణువులు ఎక్కువ. అవి రాగిని తమతోపాటు తడిలోకి తెస్తాయి, కాబట్టి సున్నం ఎంత ఉన్నా అది వేరు దగ్గరికి చేరగలుగుతుంది. ఎరువు కుళ్లేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు, ఆమ్లాలు కూడా అక్కడక్కడ కొంత సున్నాన్ని కరిగించి రాగిని విడిపిస్తాయి. కానీ ఈ నేలలో సున్నానికి కరువు లేదు, ఆ పులుపును త్వరలోనే విరిచేస్తుంది. సూక్ష్మజీవులు ఆ చిన్న అణువులను తినేశాక గట్టి హ్యూమస్ మిగిలి రాగిని బిగించి ఉంచుతుంది. బాగా మాగిన కంపోస్టు అయితే మొదటి నుంచే ఈ పని చేస్తుంది. బయోచార్, అంటే గాలి సరిగా తగలకుండా పంట వ్యర్థాలను కాల్చి చేసే బొగ్గు, ఇంకో రకం. దానిలోని బూడిద పీహెచ్‌ను ఇంకాస్త పెంచవచ్చు, పైగా దాని పైభాగమే రాగిని పట్టేస్తుంది.

అంటే ఒకే పొలంలో ఒకే ఎరువు ఇవాళ రాగిని అందిస్తూ, కొన్నాళ్లకు దాచిపెట్టవచ్చు. ‘సేంద్రియ ఎరువు వేస్తే సూక్ష్మ పోషకాలన్నీ పెరుగుతాయి’ అనే మాట విన్నప్పుడు నాకు కొంచెం చిరాకు వేసేది ఇందుకే.

ఎరువులోనే రాగి ఉండే సందర్భం వేరు. కోళ్లు, పందుల దాణాలో రాగి కలిపితే దానిలో ఎక్కువ భాగం పెంటలోకి వచ్చేస్తుంది. మురుగునీటి బురదలోనూ ఉంటుంది. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త మిలార్డే లోకానికి తెలియజేసిన బోర్డో మిశ్రమాన్ని (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) ఏళ్లతరబడి చల్లిన ద్రాక్షతోటల్లో రాగి పేరుకుపోయింది. ఇది లోహం కదా, కుళ్లి మాయమవదు. యూరోపియన్ యూనియన్‌లో రాగి మందులకు ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల హద్దు పెట్టింది అందుకే. అలాంటి నేలలో మాగిన కంపోస్టు రాగిని బిగించడం పంటకూ వానపాములకూ మేలే. పచ్చి ఎరువు అయితే దాన్ని కరిగించి కిందికి దించే ప్రమాదం ఉంది.

వేరుకు అందే రాగిని అంచనా వేయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే డీటీపీఏ పరీక్షను (డీటీపీఏ అంటే లోహాలను పట్టి బయటికి లాగే రసాయనం) లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించారు. సున్నపు నేలలను దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశారు. కిలోకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తే లోపం ఉందని సాధారణంగా లెక్క. మీరెప్పుడైనా మట్టి నమూనా పంపితే సంచి మీద చివరగా వేసిన ఎరువు పేరు, వేసిన తేదీ, అది మాగినదా పచ్చిదా అన్నది కూడా రాయండి. ఆ మూడూ తెలియకుండా వచ్చిన అంకెను చదవడం కష్టం.

ఉంటాను,
మీ తాతయ్య