పేగులో కొళాయిలు

బుజ్జమ్మా,

నువ్వు ఫోన్లో అడిగినదానికి ఆ రోజు సగమే చెప్పాను. "పొట్టలో అందరికీ కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయట కదా తాతయ్యా, మరి చంటిపిల్లలకే ఎందుకు అన్ని విరేచనాలు?" అన్నావు. మంచి ప్రశ్న. అన్నయ్యకూ చదివి వినిపించు.

పేగును ఒక ఇల్లనుకో. గోడల నిండా కొళాయిలూ తూములూ ఉంటాయి. కొళాయిలు నీళ్లు వదులుతాయి, తూములు పీల్చుకుంటాయి. ఈ ఇంట్లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా అద్దెకుంటుంది. 1885లో ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు దీన్ని చంటిపిల్లల మలంలోనే కనిపెట్టాడు. చాలావరకు మర్యాదస్థులే. వాటిలోనే ఒక రకం మాత్రం గోడకు అతుక్కుని విషం వదులుతుంది. ఆ విషం కొళాయిని పూర్తిగా తిప్పేసి, మళ్లీ కట్టడానికి వీల్లేకుండా చేస్తుంది. ఇక నీళ్లూ ఉప్పూ పోతూనే ఉంటాయి. కలరా క్రిమి చేసేదీ ఇదే, ఇంకా ఉధృతంగా.

షిగెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా దారి వేరు. అది గోడకే కన్నం వేస్తుంది. పెద్దపేగు పుండుపడి రక్తం, జిగట పడతాయి, జ్వరం కాస్తుంది. 1897లో జపాన్‌లో ఈ జబ్బు ప్రబలినప్పుడు కియోషి షిగా దాన్ని పట్టుకున్నాడు, ఆయన పేరే పెట్టారు. వందలోపు క్రిములు నోట్లోకి పోయినా చాలు.

తల్లిపాలు మాత్రమే తాగినన్నాళ్లు బిడ్డకు కాపలా ఉంటుంది. ఆరు నెలల తర్వాత బయటి నీళ్లూ తిండీ మొదలవుతాయి, చేతికందిందల్లా నోట్లోకి పోతుంది. అసలు చిక్కు అక్కడే. పైగా అంత చిన్న ఒంట్లో ఉండే నీళ్లెన్ని!

నా చిన్నప్పుడు పక్కింటి ఏడాది బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లిస్తే ఎక్కువవుతాయని పెద్దవాళ్లు నీళ్లే మాన్పించారు. వాడు ఏడుస్తున్నాడు, కంట్లో చుక్క లేదు. నర్సమ్మ వచ్చి వాడి పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు, ముడతలా నిలబడిపోయింది. ఆవిడ ఎవర్నీ కసురుకోలేదు. మరిగించి చల్లార్చిన నీళ్లలో పొడి ప్యాకెట్ కలిపి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. కక్కితే కాసేపు ఆగి, మళ్లీ. సాయంత్రానికి వాడు ఉచ్చ పోశాడు. వాళ్లమ్మ ఆ తడిగుడ్డను చేత్తో పట్టుకుని నవ్వింది, నిజంగా!

ఆ పొడి ఓఆర్ఎస్. కొళాయిలు చెడినా ఒక తూము మాత్రం చెడదు. గ్లూకోజూ ఉప్పూ జంటగా వస్తే అది తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్లూ లోపలికి పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో మన పశ్చిమ బెంగాల్‌లోని బోన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సరిపోక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి తాగించాడు. వందకు ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి. ఆ తూము అలా చెడకుండా ఎందుకు మిగిలిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక పేదవాళ్ల ఇళ్లల్లోనే ఎందుకంటావా? అక్కడ తల్లి శుభ్రం తెలియనిదని ఎవరైనా అంటే నమ్మకు. పది ఇళ్లకు ఒకే కొళాయి, మురుగుకాలువ పక్కనే పైపు. సరఫరా ఆగినప్పుడు పైపు పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. ఆ నీళ్లు బిందెలోకి వచ్చేసరికే చెడి ఉంటాయి. ఒకసారి విరేచనాలైతే తిన్నది వంటబట్టదు, చిక్కిన ఒంటికి మళ్లీ త్వరగా వస్తాయి.

ఇవాళ ఒక పని చెయ్యి. తాగే నీళ్ల పాత్ర దగ్గర కాసేపు కూర్చుని, నీళ్లు తీసేవాళ్ల చేతుల్ని గమనించు. గ్లాసు ముంచేటప్పుడు నీళ్లలో ఎన్ని వేళ్లు మునుగుతాయో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య