బోరింగు దగ్గర బిందెల వరుస

పత్తికొండ
చైత్రమాసం

పిల్లలూ,

సంక్రాంతికి ముందు మీ బడికి వచ్చినప్పుడు తలా ఒక పోస్టుకార్డు చేతికిచ్చి, మీకు తోచిన ప్రశ్న రాసి డబ్బాలో వేయమన్నాను. ముప్పై ఆరేళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన ముసలివాడి చాదస్తం అనుకోండి. నలభై కార్డులు పంచితే పదకొండు వచ్చాయి. మిగతావి ఏమయ్యాయో అడగను. వచ్చినవాటిలో నాలుగింటిలో "తాతా, బాగున్నారా?" అని మాత్రమే ఉంది. అదీ ప్రశ్నే కాబట్టి జవాబు చెప్తున్నా: మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి.

అన్నింటికంటే ఆఖర్న వచ్చిన కార్డు తొమ్మిదో తరగతి పాపది. పేరు చెప్పను, ఇంట్లో గొడవవుతుంది. ఆ పాప రాసింది రాసినట్టే ఇస్తున్నా: "తాతా, మా మామ ఒకదాంట్లో చేరినాడు. ఆరు మందిని చేర్పిస్తే, ఆ ఆరు మంది మళ్లా ఆరేసి మందిని చేర్పిస్తే, నెలకు లక్ష వస్తుందంట. సుగ్గి దుడ్లు పెట్టి మా అమ్మను గూడా చేరమంటాండాడు. అందరికీ లక్ష వస్తే గుంటూరుకు మిరపకాయలు కోసేకి ఎవరు పోతారు?"

ఈ ప్రశ్న చదివి కార్డు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. కోటు, టై కట్టుకుని హోటల్ హాళ్లలో మైకు పట్టుకుని మాట్లాడేవాళ్లను నేను చాలామందిని విన్నాను. ఈ ఒక్క ప్రశ్న అడిగితే వాళ్లలో ఒక్కడూ నిలబడలేడు. జవాబు కార్డులో పట్టదు కాబట్టి మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నా.

ముందు ఒక సంగతి గమనించండి. మన పడమటి పల్లెలవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతల పనికి, పోయినప్పుడు ఇలా మనుషుల్ని చేర్పించే ప్లాన్లవాళ్లు ఊళ్లోకి రారు. ఉగాదికి జనం తిరిగొచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడే దిగుతారు. తేనెటీగలకైనా పువ్వు ఎప్పుడు పూసేదీ ఇంత కచ్చితంగా తెలియదేమో.

ఇక అసలు విషయం. దీన్ని చెప్పడానికి నా దగ్గర పెద్ద పెద్ద మాటలు లేవు. ఒక బోరింగు ఉంది.

నా చిన్నప్పుడు మా ఊరికంతా ఒకటే బోరింగు. ఎండాకాలం వచ్చిందంటే కోడి కూయకముందే అక్కడ బిందెలు వరుస కట్టేవి. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, బిందె లేకపోతే ఒక రాయి పెట్టినా చాలు, వరుసలో చోటు దక్కేది. ఆ రాళ్ల కోసం జరిగిన కొట్లాటలు చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. మా అవ్వది సొట్టలు పడిన ఇత్తడి బిందె. దాని చప్పుడు విని ఎవరి బిందెనో చూడకుండా చెప్పేవాళ్లు.

ఒకరోజు బోరింగు వాషరు పోయింది. పిడి ఎంత కొట్టినా గరగరమనడం తప్ప చుక్క లేదు. పెద్దలు బావికి పోయారు. మేం పిల్లలం మాత్రం బిందెలతో అక్కడే ఆడుకుంటున్నాం. మాకంటే నాలుగేళ్లు పెద్దవాడు ఒకడు, మహా తెలివైనవాడు, ఒక ఆట పెట్టాడు. వరుసలో చేరాలంటే ఇంటినుంచి రెండు చెంబుల నీళ్లు తేవాలి. ఒక చెంబు వాడి బిందెలో పోయాలి. ఇంకొకటి మనల్ని పిలిచినవాడి బిందెలో పోయాలి. తర్వాత మనం ఎంతమందిని పిలుచుకొస్తే అన్ని చెంబులు మన బిందెలోకి వస్తాయి.

నేను మూడోవాణ్ని. ముగ్గురిని పిలుచుకొచ్చాను. రెండు చెంబులు పోసి మూడు చెంబులు సంపాదించాను! ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, పిల్లలూ. అబద్ధం చెప్పను, మొదట చేరినవాళ్లకు నిజంగానే నీళ్లు వస్తాయి. అక్కడే ఉంది తిరకాసంతా. వెనక వచ్చినవాళ్లు ముందున్న బిందెలు చూసి, "బోరింగు పనిచేస్తాంది రోయ్!" అని కేకలు పెట్టి ఇళ్లకు పరుగెత్తారు, ఇంకా చెంబులు తేవడానికి.

అంతలో మా అవ్వ బావినుంచి వస్తూ మా వరుస చూసి ఆగింది. బోరింగు పిడి రెండుసార్లు కొట్టింది. గరగర. వంగి ముందు బిందెలోకి చూసింది. "నీళ్లు యాడివిరా?" అంది. ఎవరం మాట్లాడలేదు. "ఇండ్లలో తాగే నీళ్లు తెచ్చి ఈడ పోసినారా, మీ కడుపు కాలా!" అని ఆ తెలివైనవాడి చెవి పట్టుకుంది. వాడికంటే ముందు నా చెవి పట్టుకుందని మా అక్క ఇప్పటికీ అంటుంది.

పాపా, మీ మామ చేరినదాంట్లో బోరింగు చుక్క నీరు పోయడం లేదు. అక్కడ కనిపించే ప్రతి రూపాయీ ఎవరో ఒకరి ఇంటినుంచి చెంబుతో తెచ్చిందే. ముందువాడి బిందె నిండుతోందంటే వెనక ఎవరి ఇంట్లోనో కుండ ఖాళీ అవుతోందన్నమాట. నీ ప్రశ్నలో ఉన్నది కూడా ఇదే. మిరపచేలో దిగి ఎవరో ఒకరు కోస్తేనే కాయ సంచిలో పడుతుంది. ఎవరూ కోయకుండా, ఎవరూ పండించకుండా అందరికీ లక్ష రావాలంటే ఆ లక్షలు ఎక్కడ పుట్టాలి?

"మరి మనూళ్లో చీటీలు ఉన్నాయి కదా, అవీ ఇంతేనా?" అని మీలో ఒకరు అడుగుతారని తెలుసు. కాదు. రిజిస్టరు చేసిన చీటీలో ఇరవై మంది ఉంటే మొదటినుంచి చివరిదాకా ఆ ఇరవై మందే. అందరూ నెలనెలా వేస్తారు, వంతు ప్రకారం ఒకరు తీసుకుంటారు. కొత్తవాణ్ని తెస్తేనే నీకు డబ్బు అనే షరతు ఉండదు. దానికి 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రారు ఉంటాడు. చీటీపాట ఎత్తేసి పారిపోయినవాళ్లు లేరా అంటే ఉన్నారు, అది దొంగతనం. నేను చెప్పే ఆటలో ఎవరూ పారిపోకపోయినా, నడిపేవాడు హరిశ్చంద్రుడే అయినా, వెనకవాళ్లు మునగాల్సిందే. లెక్క అలాంటిది.

ఆ లెక్క చూడండి. ఒకడు ఆరుగురిని చేర్పిస్తాడు. వాళ్లు ఆరేసి మందిని తెస్తే 36. ఆ తర్వాత 216. ఆ తర్వాత 1,296. ఐదో మెట్టులో 7,776 మంది కావాలి. మా ఊళ్లో పసిపిల్లలతో కలిపి నాలుగు వేలమంది. పదో మెట్టుకు 6 కోట్ల 4 లక్షలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ మొత్తం దాదాపు 5 కోట్లు. పన్నెండో మెట్టుకు 217 కోట్లు, దేశం చాలదు. పదమూడో మెట్టుకు భూమ్మీద మనుషులు అయిపోతారు, పక్క గ్రహంలో మీటింగు పెట్టుకోవాలి.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకొకటి ఉంది. ఈ ఆట మూడో మెట్టులో ఆగనీ, తొమ్మిదో మెట్టులో ఆగనీ, ఆగిన రోజున లెక్కపెడితే ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఆఖరి వరుసలోనే ఉంటారు. అంటే వేసినవాళ్లే తప్ప రూపాయి తీసుకున్నవాళ్లు కారు. ఎవరో మోసం చేసి వాళ్లను అక్కడ కూర్చోబెట్టాల్సిన పని కూడా లేదు. గుణకారమే కూర్చోబెడుతుంది. చిన్నప్పుడు ఆరో ఎక్కం తప్పు చెప్పినందుకు తొడపాశం తిన్నవాణ్ని, అందులో ఇంత భయంకరమైన సంగతి దాక్కుందని పంతులు ఒక్కమాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మా పోస్టాఫీసు సరుకు అడ్డం పెట్టుకుని కూడా ఒకడు ఈ ఆట ఆడాడు. 1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పోంజీ అనే ఆయన, విదేశాలకు జవాబు తపాలా కోసం అమ్మే కూపన్లు చౌక దేశంలో కొని ఖరీదైన దేశంలో మారుస్తానన్నాడు. నలభై అయిదు రోజుల్లో వందకు నూట యాభై ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా, కొన్నాళ్లు. కానీ అంత డబ్బుకు సరిపడా కూపన్లు లోకంలోనే లేవు. వెనకవాడు తెచ్చిన చెంబే ముందువాడి బిందెలో పోశాడు. ఆ ఏడాది ఆగస్టుకల్లా కథ ముగిసింది, జైలుకు పోయాడు.

నేను చేరిన కొత్తలో కార్డు 15 పైసలు. అప్పుడు కట్టలు కట్టలుగా ఒకే రాత కార్డులు వచ్చేవి: ఇది అందినవాళ్లు ఇంకో పదకొండు మందికి రాయాలి, రాస్తే లాటరీ తగులుతుంది, చింపితే అరిష్టం. ఎవరికీ లాటరీ తగిలినట్టు నేను వినలేదు. కార్డులు అమ్ముకున్న మా శాఖకు మాత్రం తగిలింది.

ఇంత తెలిసినవాణ్ని, నేనూ ఒకసారి చేరాను. నవ్వకండి. నలభై ఏళ్ల వయసులో, తోటి ఉద్యోగి ఒకాయన ఇంటికొచ్చి కాగితం మీద గుండ్రాలు గీసి చూపించాడు. నా కింద ఎడమన ఒకరు, కుడిన ఒకరు. గుండ్రాలు గీస్తుంటే ఎంత అందంగా ఉంటుందో! గుండ్రంలో మనిషి కనపడడు కదా. ఎడమ గుండ్రంలో మా అక్క మొగుణ్ని, మా బావను పెట్టాను. బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, అమ్మిన డబ్బు తెచ్చి కట్టాడు. "పోస్టుమేష్టరు చెప్పినాడంటే తప్పు ఉండదులే" అన్నాడట ఊళ్లో. ఆ మాట విని ఇంకో ముగ్గురు చేరారు. ఆ కంపెనీ అమ్మింది సబ్బులూ పొడులూ అనుకున్నాను గానీ, నిజానికి అమ్మింది ఆ మాటను. ఊరు ఏళ్ల తరబడి నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని నేను నెల రోజుల్లో డబ్బాలకు అమ్మేశాను.

ఆ డబ్బాలు మా బావ మంచం కింద చాలాకాలం ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పండక్కి పోతే అన్నం పెట్టేవాడు, పక్కన కూర్చునేవాడు కాదు. డబ్బు రెండేళ్లలో కొద్దికొద్దిగా తీర్చాను. ఆ పక్కన కూర్చోవడం తిరిగి రావడానికి మా అక్క కూతురి పెళ్లిదాకా పట్టింది.

అందుకే పోలీసుల దగ్గరకు ఎవరూ పోరు. పోతే, "నిన్ను ఎవరు చేర్పించారు?" అంటే తమ్ముడి పేరు, "నువ్వు ఎవరిని చేర్పించావు?" అంటే అక్క పేరు చెప్పాలి. 1978లోనే పార్లమెంటు ఇలాంటి డబ్బు తిప్పే పథకాలను నిషేధించింది. నడిపేవాడే కాదు, చేర్పించేవాడూ, చేరేవాడూ దాని కిందికి వస్తారు. మూడేళ్లదాకా జైలు. నాకు అప్పుడు తెలియదు.

"మాది అట్లా కాదు, మేం సరుకు అమ్ముతాం" అంటాడు మీ మామ. ఇక్కడ నా బిందె పోలిక కొంచెం కారుతుందని ఒప్పుకుంటున్నా. నిజంగా సరుకు అమ్మి బతికేవాళ్లు ఉన్నారు, అది తప్పు కాదు. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం అలాంటి కంపెనీ చేరడానికి ఫీజు తీసుకోకూడదు, మనుషుల్ని చేర్పించినందుకు డబ్బు ఇచ్చే పిరమిడ్ నడపకూడదు. కాబట్టి మామను ఒక్కటే అడుగు: "కొత్తగా ఎవర్నీ చేర్పించకుండా, ఈ పొడి మన వీధిలో చేరనివాళ్లకు అమ్మితే నెలకు ఎంత వస్తుంది?" మన అంగట్లో అదే పొడి ఎంతకు దొరుకుతుందో కూడా చూసుకో.

డబ్బు పెరిగే వేగం సంగతి కూడా చూడండి. మా పోస్టాఫీసులో పొదుపు కోసం అమ్మే కిసాన్ వికాస్ పత్రాలు 1988లో వచ్చినప్పుడు ఐదున్నరేళ్లకు సొమ్ము రెట్టింపయ్యేది. 2023 ఏప్రిల్‌లో పెట్టిన రేటుకు 115 నెలలు పడుతుంది. అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. ఎవడైనా ఆరు నెలల్లో చేస్తానంటే, వాడి దగ్గర ఏ బోరింగు ఉందో చూడాలి.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూశారు కదా. ఎక్కడెక్కడినుంచో వస్తారు, తల వంచుకుని నడుస్తారు. వాళ్లది ఆశే. చాలామంది ఉత్తచేతుల్తోనే పోతారు. కానీ దొరికినవాడికి మట్టిలోంచి దొరుకుతుంది, పక్కవాడి జేబులోంచి కాదు. ఇంకొకటి, ఫలానా గట్టున వజ్రం ఉందని తెలిసినవాడు హాలు బాడుగకు తీసుకుని, మైకు పెట్టి, చప్పట్లు కొట్టించి, రండి రండి అని పిలుస్తాడా?

ఇప్పుడు ఇదంతా ఫోనులోకి కూడా వచ్చింది. లైకు కొడితే యాభై రూపాయలంటారు, మొదటి రెండు రోజులు వేస్తారు, తర్వాత మనల్ని వేయమంటారు. అదీ మా వరుసే, బిందెలు కనపడవు, అంతే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

పాపా, మీ మామ చెడ్డవాడు కాదు. అమ్మ కష్టం చూడలేక సుగ్గి తప్పిద్దామనుకున్నాడు. నలుగురిలో దొంగ అనకు, నవ్వకు. అలా చేస్తే ఆయన ఇంకా ఆ హాలులోనివాళ్ల దగ్గరకే పోతాడు. "నీ మాట నమ్మనివాళ్లకు దూరంగా ఉండు" అని అక్కడ ముందే నేర్పి ఉంటారు.

ఆదివారం ఇద్దరూ అరుగు మీద కూర్చోండి. చేటలో బుడ్డలు పోసుకో. పైన ఒక కాయ పెట్టు, అది కంపెనీ. కింద ఆరు. ఒక్కోదాని కింద ఆరేసి. మళ్లా ఒక్కోదాని కింద ఆరేసి. నాలుగు వరుసలకే 259 కాయలు పడతాయి, అరుగు నిండుతుంది. నువ్వేం మాట్లాడొద్దు. మీ అమ్మను ఏ కాయగా పెట్టాలో మామనే చూపించమను. అమ్మ కింద పెట్టడానికి ఆరు కాయలు మీ వీధిలో ఎవరెవరో ఆయన్నే పేర్లు పెట్టి చెప్పమను. ఎంతసేపు పట్టినా కాచుకో.

అయ్యాక బుడ్డలు ఎత్తి, కాస్త ఉప్పునీళ్లు చల్లి వేయించుకుని తినండి. మామకు రెండు గుప్పెళ్లు ఎక్కువ పెట్టు. ఏమన్నాడో నాకు కార్డు రాయి.

మీ పోస్టుమేష్టరు తాత