ఎవరికీ కనబడని తోక

“చూసి నడువు, దాని తోక తొక్కేస్తావ్!” అని నాలుగేళ్ల పిల్ల కేకేస్తుంది. అక్కడ ఉత్త నేలే. అయినా మన కాలు టక్కున ఆగిపోతుంది. ఆ వెంటనే ఒక గుబులు: లేనిదాన్ని నిజంగానే ఉందనుకుంటోందా?

అనుకోవడం లేదు. పిల్లలు ఊహించుకునే ఇలాంటి నేస్తాల గురించి పరిశోధకులు గుచ్చి గుచ్చి అడుగుతుంటే చాలామంది పిల్లలు మధ్యలో ఆగి, అది ఉత్తుత్తిదేనని పెద్దవాళ్లకే నచ్చజెప్పారు. ఈ నేస్తాలు అరుదూ కావు. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ ఏళ్ల తరబడి ఈ పిల్లలతో మాట్లాడారు. ఏడేళ్లు వచ్చేసరికి 65 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఊహానేస్తం ఉందని ఆమె బృందం 2004లో తేల్చింది. ప్రాణం ఉన్నట్టుగా పిల్లలు చూసుకునే బొమ్మలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నాకు బాగా ఇష్టమైన నేస్తం మాత్రం స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఇంట్లో పుట్టింది. నాలుగో ఏడు నిండబోతుండగా ఆయన కూతురు ‘అజో’ అనే జీవిని కల్పించింది. ఫ్రెంచిలో పక్షిని ‘వాజో’ అంటారు. ఆ మాటను చక్కగా పలకగల పిల్లే, కావాలని దీనికి వేరే పేరు పెట్టింది. అది ఒకలాంటి కుక్క, పక్షిలానూ ఉంటుంది. రెక్కలు, పొడవాటి జుట్టు, పెద్ద ఆకారం. కొత్త సంగతులు నేర్చుకునేటప్పుడు తోడుండేది, చెప్పిన మాట వినడానికి ధైర్యమిచ్చేది, దిగులుపడితే ఓదార్చేది.

జంతువే ఎందుకు? నాకు తోచేది ఇది: మనుషుల మధ్య ఆ పిల్లే అందరికన్నా చిన్నది. పక్కన కుందేలుంటే తనే పెద్దదవుతుంది, దాన్ని కోప్పడొచ్చు, జో కొట్టొచ్చు. పులి ఉంటే చీకటి గదిలోకి ముందు దాన్ని పంపొచ్చు. చిత్రమేమిటంటే, తాము కల్పించిన నేస్తమే తమ మాట వినదని ఫిర్యాదు చేసే పిల్లలూ ఉన్నారు. ఇంకొకరి మనసులో ఇంకో కోరిక ఉంటుందన్న గ్రహింపు ఆ ఫిర్యాదులో నాకు వినిపిస్తుంది.

కథ చెప్పడంలోనూ ఈ పిల్లలది ఒక అడుగు ముందే. 2009లో న్యూజిలాండ్‌లో అయిదున్నరేళ్ల పిల్లల చేత కథలు చెప్పిస్తే, ఊహానేస్తాలున్నవాళ్ల కథలు ఎక్కువ వివరంగా వచ్చాయి. నేస్తం వల్లే కథ చిక్కబడిందా, కథలల్లే పిల్లలకే నేస్తం దొరుకుతుందా అన్నది దీన్నిబట్టి చెప్పలేం.

కాబట్టి కుందేలు ఏం తింటుందో పిల్లనే అడగండి. మీరు మాత్రం దానికి కొత్త మాటలు, కొత్త బుద్ధులు తగిలించకండి. అది ఆమెది. ఎప్పుడు వెళ్లిపోవాలన్నదీ దాని ఇష్టమే: అజో దాదాపు రెండు నెలలుండి మాయమైపోయింది.