సరదా సంగీత బృందాలు, కొత్త వాద్యాలు: నేను తరచూ వినే అపోహలు

వారానికోసారి కలిసి వాయించుకునే చిన్న బృందాన్ని కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఆడిషన్ ఉండదు, కచేరీ ఉండదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటాం, అంతే. కొత్తగా వచ్చేవాళ్లు తలుపు దగ్గరే ఆగి అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకటే.

అపోహ: బాగా వచ్చాకే నలుగురిలోకి వెళ్లాలి.

వాస్తవం: ఇంట్లో తప్పు పోతే ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలుపెడతాం. బృందంలో పాట మన కోసం ఆగదు. తప్పిన చోటు వదిలేసి, తర్వాతి వరస మొదటి దెబ్బకి అందుకోవాలి. ఒంటరిగా ఎన్ని గంటలు సాధన చేసినా ఇది అలవడదు. ఒకావిడ వయొలిన్ కేస్ ఒళ్లో పెట్టుకుని రెండు వారాలు తెరవకుండానే కూర్చున్నారు. మూడో వారం, "ప్రతి వరసలో మొదటి స్వరం ఒక్కటే వాయించండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాను. మొదటి పాటంతా కమాను వణుకుతూనే ఉంది. రెండో పాటలో ఆవిడ పాదం తాళం వేస్తూ కనిపించింది. ఆ పాదం కదిలిందంటే నాకిక టెన్షన్ ఉండదు.

అపోహ: నొటేషన్ చదవడం రావాలి.

వాస్తవం: చాలా బృందాల్లో పాట సాహిత్యం, దాని పైన కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు, అంతే ఉంటాయి. సి, ఎఫ్, జి వచ్చాయంటే చాలా పాటల్లో చేయి కలపొచ్చు.

అపోహ: యుకులేలే పిల్లల ఆటబొమ్మ.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి 1879లో హవాయికి వలస వెళ్లినవాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న తీగ వాద్యం నుంచి పుట్టింది యుకులేలే. 4 తీగలు, సాధారణంగా నైలాన్‌వి, కాబట్టి వేళ్లు అంతగా నొప్పి పుట్టవు. నేలవైపున్న తీగని మూడో ఫ్రెట్ (వాద్యం మెడ మీది అడ్డపట్టీ) దగ్గర ఒక్క వేలితో నొక్కితే సి కార్డ్ వచ్చేస్తుంది. గిటార్ తెలిసినవాళ్లకి ఇంకా సులువు: గిటార్ మీద డి కార్డ్ పట్టే వేళ్ల అమరికే దీని మీద జి అవుతుంది. ఒక్క లోటుంది, మంద్ర స్థాయి వినపడదు. అయిదుగురు యుకులేలేలే పట్టుకుంటే పాటకి కింద నేల లేనట్టుంటుంది.

అపోహ: కొత్త వాద్యమంటే మళ్లీ సున్నా నుంచి మొదలు.

వాస్తవం: ఏ వాద్యం నుంచి ఏ వాద్యానికి వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ వయొలిన్ ఆవిడే ఒక రోజు పక్కనున్నాయన మాండొలిన్‌ని కళ్లార్పకుండా చూస్తున్నారు. "పట్టుకుని చూడండి" అని ఆయనే చేతికిచ్చారు. రెండింటి శ్రుతి అమరిక ఒకటే: జి, డి, ఏ, ఇ. ఎడమ చేతి వేళ్లు దారి వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. పైగా ఫ్రెట్‌లుంటాయి కనుక స్వరం జారదు. కష్టమంతా కుడి చేతిది. కమానుతో స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయొచ్చు, మీటిన స్వరం మాత్రం వెంటనే చచ్చిపోతుంది. సాగదీయాలంటే ప్లెక్ట్రమ్‌ని, అంటే తీగ మీటే చిన్న బిళ్లని, పైకీ కిందకీ గబగబా ఆడించాలి, మణికట్టు బిగుసుకోకుండా. తీగలేమో జంటలు జంటలుగా 8, అవీ స్టీలువి. మొదటి రెండు మూడు వారాలు వేళ్ల చివర్లు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది.

అపోహ: నచ్చిన వాద్యం వెంటనే కొనేయాలి.

వాస్తవం: ముందు బృందాన్ని వినండి. ఆరు గిటార్‌లున్న చోట ఏడోది ఎవరికీ వినపడదు, మీక్కూడా. అక్కడ మంద్ర స్వరాలు పలికే ఒక బేస్ గిటార్ వచ్చినా, మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె కహోన్ వచ్చినా పాట రూపమే మారిపోతుంది. వెంటనే కొనదగ్గది ఒకటే, వాద్యం తల దగ్గర తగిలించే క్లిప్ ట్యూనర్. అది వాద్యం కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి గదిలో ఎంత సందడి ఉన్నా శ్రుతి సరిచూసుకోవచ్చు. వాద్యం మాత్రం కొన్నాళ్లు అరువు తెచ్చుకుని వాయించి చూడండి. వాయించేవాళ్లని "ఒక్క వారం ఇంటికి తీసుకెళ్లనా?" అని అడగడానికి మొహమాటపడకండి. మా గదిలో ఆ మాటకి కాదన్నవాళ్లని నేనింకా చూడలేదు.