‘యాక్షన్ కామిక్స్’: పేజీకి 10 డాలర్ల బేరం

అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం 2034 జనవరి 1న సూపర్‌మ్యాన్ తొలి కథ అందరి సొత్తు అవుతుంది. అచ్చయిన 95 ఏళ్లకు దాని మీద హక్కు తీరిపోతుంది. ఆ తేదీ దగ్గరపడుతున్న కొద్దీ ఒక పాత తగువు మళ్లీ మాటల్లోకి వస్తోంది. ఆ కథ రాసిన జెర్రీ సీగెల్‌కూ బొమ్మలు గీసిన జో షుస్టర్‌కూ దక్కిందెంత? దాన్ని అచ్చువేసిన కంపెనీ (ఇప్పటి డీసీ కామిక్స్) మిగుల్చుకున్నదెంత? ఈ లెక్క అర్థం కావాలంటే ముందు ఆ కథ అచ్చయిన ‘యాక్షన్ కామిక్స్’ అనే పత్రిక ఎలా తయారైందో తెలియాలి.

1930ల మొదట్లో అమెరికాలో కామిక్ పుస్తకమంటే ప్రధానంగా దినపత్రికల్లో వచ్చేసిన బొమ్మల కథలను మళ్లీ కుట్టి అమ్మడమే. పాత బొమ్మల బదులు కొత్తగా రాయించి గీయించి అచ్చువేద్దామని 1935లో పూనుకున్నవాడు మేజర్ మాల్కమ్ వీలర్-నికల్సన్. సైన్యంలో అశ్వికదళంలో పనిచేసి బయటికొచ్చి కథలు రాసుకుంటూ బతికిన మనిషి. ఆలోచన గొప్పదే కానీ చేతిలో డబ్బు లేదు. రచయితలకు, చిత్రకారులకు బాకీలు పడ్డాడు. అచ్చు, పంపిణీ వ్యాపారంలో ఉన్న హ్యారీ డోనెన్‌ఫెల్డ్, ఆయన లెక్కలు చూసే జాక్ లీబోవిట్జ్ 1937లో ‘డిటెక్టివ్ కామిక్స్’ అనే మరో పత్రిక కోసం మేజర్‌తో భాగస్వాములయ్యారు. 1938 వచ్చేసరికి మేజర్ కంపెనీ దివాలా తీసింది, అది డోనెన్‌ఫెల్డ్ చేతికి పోయింది. మేజర్ బయటికి నడిచాడు. ఆ సంధికాలంలోనే నాలుగో పత్రికగా ‘యాక్షన్ కామిక్స్’ సిద్ధమైంది.

అప్పట్లో ఏ కామిక్ పుస్తకమైనా కదంబమే. 10 సెంట్లు పెట్టి కొన్న పిల్లవాడికి 64 పేజీల నిండా సరుకు ఉండాలి, ఒక కథ నచ్చకపోతే పక్క కథ నచ్చాలి. తొలి సంచికలో 11 శీర్షికలున్నాయి. కౌబాయ్ చక్ డాసన్, మాంత్రికుడు జటారా, ఆటగాడు పెప్ మోర్గన్, విలేకరి స్కూప్ స్కాన్లన్, సాహసి టెక్స్ థామ్సన్, మార్కో పోలో యాత్రలు, మధ్యలో బొమ్మల్లేని ఒక కథ. ఇన్ని పేజీలు నెలనెలా నింపాలంటే సంపాదకుడికి దారి ఒక్కటే: ఎవరి దగ్గర ఏముంటే అది పేజీ లెక్కన కొనడం. పేజీకి 10 డాలర్లు. డబ్బుతో పాటే హక్కులూ చేతులు మారేవి. నా దృష్టిలో తర్వాతి అన్యాయమంతా ఈ పద్ధతిలోనే ఇమిడి ఉంది. పది కథల్లో ఏది ఆడుతుందో ఎవరికీ తెలియనప్పుడు కుదిరిన ధర అది. ఒకటి ప్రపంచమంతా ఆడాక కూడా కంపెనీ ఆ ధర దగ్గరే నిలబడింది.

సీగెల్, షుస్టర్ ఓహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఒకే హైస్కూల్లో చదువుకున్న మిత్రులు. యూదు వలస కుటుంబాల పిల్లలు. సూపర్‌మ్యాన్‌ను దినపత్రికల కోసం తయారుచేసి ఏళ్లతరబడి సిండికేట్ల (దినపత్రికలకు బొమ్మల కథలు అమ్మే సంస్థల) చుట్టూ తిప్పారు. అందరూ తిరగ్గొట్టారు. చివరికి మెక్‌క్లూర్ సిండికేట్‌లో పడివున్న ఆ నమూనాలు ‘యాక్షన్’ సంపాదకుడు విన్ సలివన్‌కు చేరాయి. ఆయనకు కావలసింది వెంటనే అచ్చుకు వెళ్లే బొమ్మలు. దినపత్రిక కొలతకు గీసిన గళ్లను కత్తిరించి, పుస్తకం పేజీలకు సరిపడేలా అతికించి పంపమన్నారు. 13 పేజీలు తేలాయి. అంటే ఆ కథ కంపెనీ అడిగితే పుట్టింది కాదు, అప్పటికే తయారై ఉన్నది. ఈ సంగతి 70 ఏళ్ల తర్వాత కోర్టులో అక్కరకొచ్చింది.

1938 మార్చిలో ఇద్దరూ సంతకాలు పెట్టారు. 13 పేజీలకు 130 డాలర్లు. దాంతో సూపర్‌మ్యాన్ మీద సర్వహక్కులూ కంపెనీవయ్యాయి. ఇతర పనుల బాకీతో కలిపి కంపెనీ ఇచ్చిన 412 డాలర్ల చెక్కు 2012లో వేలానికొస్తే 1,60,000 డాలర్లు పలికింది. తొలి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

1938 జూన్ తేదీతో తొలి సంచిక ఏప్రిల్‌లోనే అంగళ్లకు వచ్చింది. 2 లక్షల ప్రతులు వేశారు. కారును ఎత్తి బండకేసి కొడుతున్న మనిషి ముఖచిత్రం మీద ఉంటే నవ్వులపాలవుతామని డోనెన్‌ఫెల్డ్ భయపడ్డాడు. రెండో సంచిక నుంచి ముఖచిత్రం మీద సూపర్‌మ్యాన్ లేడు. పత్రిక మాత్రం ఎగబడి అమ్ముడుపోతోంది. ఎందుకో కనుక్కుంటే, పిల్లలు పత్రిక పేరు చెప్పకుండా ‘సూపర్‌మ్యాన్ ఉన్న పుస్తకం’ అని అడుగుతున్నారట. ఏడో సంచికలో అతన్ని మళ్లీ ముఖచిత్రం ఎక్కించారు, 19వ సంచిక నుంచి ఆ చోటు అతనిదే అయింది. 1939 వేసవికల్లా సొంత పత్రిక కూడా వచ్చింది.

మిగతా కథలు ఒక్కొక్కటే తెరమరుగయ్యాయి. జటారా పదేళ్లకు పైగా నిలబడ్డాడు. టెక్స్ థామ్సన్ ముసుగేసుకుని మిస్టర్ అమెరికా అయ్యాడు. 1941లో అడవి సాహసి కాంగో బిల్ వచ్చి చేరాడు. అయితే 10 సెంట్ల ధర పెంచకుండా 1961 దాకా నెట్టుకురావడానికి పేజీలు సగానికి కోసేశారు. చోటు తగ్గేకొద్దీ కదంబం పలచబడింది. 1959లో 252వ సంచికతో వెనక పేజీల్లోకి సూపర్‌మ్యాన్ చుట్టం సూపర్‌గర్ల్ రావడంతో పుస్తకమంతా ఒకే ఇంటి వ్యవహారమైంది. ఒక్కసారి మాత్రం కదంబాన్ని నిజాయితీగా బతికించబోయారు. 1988 మేలో 601వ సంచిక నుంచి వారపత్రికగా మార్చి, గ్రీన్ లాంటర్న్, డెడ్‌మ్యాన్, బ్లాక్‌హాక్ లాంటి వేరే పాత్రలకు పేజీలిచ్చి, సూపర్‌మ్యాన్‌కు వారానికి రెండే పేజీలు కేటాయించారు. 42 వారాలు నడిచి ఆగింది. ఆ ప్రయోగం మీద నాకు గౌరవముంది.

ఇక తగువు. తొలి ఏళ్లలో పేజీల డబ్బుతో ఇద్దరూ బాగానే బతికారు. స్టూడియో పెట్టి సహాయకులను పెట్టుకున్నారు కూడా. కానీ రేడియో, సినిమా, బొమ్మల వ్యాపారం నుంచి కంపెనీకి వచ్చేదానితో పోలిస్తే అది చిల్లర. 1947లో దావా వేశారు. మరుసటి ఏడాది సుమారు 94,000 డాలర్లకు రాజీపడి, హక్కులు కంపెనీవేనని ఒప్పుకున్నారు. ఆ తర్వాత సూపర్‌మ్యాన్ కథల మీద వాళ్ల పేర్లే లేకుండా పోయాయి.

1975లో భారీ బడ్జెట్ సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతోందని తెలిసి సీగెల్ పత్రికలకు బహిరంగంగా గోడు చెప్పుకున్నాడు. అప్పటికి ఆయన లాస్ ఏంజెలెస్‌లో గుమాస్తా, షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. చిత్రకారులు నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వాళ్ల తరఫున నిలబడ్డారు. ఆ డిసెంబరులో కంపెనీ ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్ల పింఛనుకు, పేర్లు తిరిగి వేయడానికి ఒప్పుకుంది. చట్టం నెత్తినెక్కి కాదు, పరువు పోతుందన్న భయంతో దిగివచ్చింది.

1976 నాటి కాపీరైట్ చట్టం రచయితల వారసులకు ఒక తలుపు తెరిచింది: 56 ఏళ్ల తర్వాత పాత హక్కుపత్రాన్ని రద్దుచేయవచ్చు. సీగెల్ 1996లో కన్నుమూశాడు, మరుసటి ఏడాదే ఆయన కుటుంబం రద్దు నోటీసులిచ్చింది. 2008లో ఫెడరల్ జడ్జి స్టీఫెన్ లార్సన్, తొలి కథ కంపెనీ పురమాయిస్తే కూలికి చేసిన పని కాదని, సీగెల్ వాటా వారసులకు తిరిగి వచ్చిందని తీర్పు చెప్పారు. గమ్మత్తేమిటంటే, పత్రిక రాకముందు వేసిన దాని ప్రకటనలు నోటీసు గడువు పరిధిలోకి రాలేదు. వాటిలోని కారెత్తిన మనిషి నలుపు తెలుపు బొమ్మ అలా కంపెనీకే మిగిలింది. చివరికి 2013లో అప్పీలు కోర్టు, 2001లో కుటుంబం లాయరు పంపిన రాజీ ఉత్తరమే ఒప్పందమని తేల్చి కంపెనీ పక్షాన నిలిచింది. షుస్టర్ 1992లో పోయాక, పింఛను కోసం, అప్పులు తీర్చడం కోసం ఆయన తోబుట్టువులు పెట్టిన సంతకం కూడా అదే విధంగా వాళ్ల దారి మూసేసింది.

2018 ఏప్రిల్‌లో 1000వ సంచిక వచ్చింది. 80 పేజీలు, చాలామంది రాసి గీసిన చిన్న కథలు. మళ్లీ కదంబమే, కాకపోతే ప్రతి కథా సూపర్‌మ్యాన్‌దే. ఇప్పుడు సూపర్‌మ్యాన్ పుస్తకాల్లో సృష్టికర్తలుగా ఇద్దరి పేర్లూ ఉంటాయి. వాటి పక్కనే ‘జెర్రీ సీగెల్ కుటుంబంతో ప్రత్యేక ఏర్పాటు మేరకు’ అన్న మాట ఉంటుంది. ఆ మాటలో షుస్టర్ కుటుంబం పేరు లేదు.